చివరి పేజీ హయాత్

చిలకలూరిపేటలో హైవే పక్కన పరుపుల షాపు నడిపే హయాత్‌కు ఒకే ఒక్క అలవాటు ఉంది. ఏ పుస్తకమైనా సరే, ముందు చివరి పేజీ చదివితే గానీ మొదటి పేజీ తెరవడు. మనిషికి సిగరెట్టు లేదు, పేకాట లేదు, టీలో చక్కెర కూడా లేదు. ఉన్నదల్లా ఇదొక్కటే. అయితే ఈ ఒక్కటే పది అలవాట్ల పెట్టు.

అద్దె పుస్తకాల షాపులున్న రోజుల్లో ఆయన నవల తీసుకోవడం చూసి తీరాల్సిన తతంగం. పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టేవాడు. వెనక అట్ట ఎత్తి, చివరి పేజీ మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదివేవాడు. ఆ కాసేపూ ఆయన ముఖం పరీక్ష రిజల్టు కోసం చూసే కుర్రాడి ముఖంలా ఉండేది. ఒక్కోసారి హమ్మయ్య అనుకుని పుస్తకం చంకలో పెట్టుకునేవాడు. ఒక్కోసారి నీరసంగా నిట్టూర్చి, ఇంకో నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, అక్కడే నిలబడి దీర్ఘాలోచనలో పడేవాడు. షాపతనికి విసుగొచ్చి, పుస్తకమంతా మోయడమెందుకు, చివరి కాగితం చింపిస్తాను పట్టుకెళ్లమని ఒకసారి అననే అన్నాడు.

పుస్తకాలతో ఆగిందా అంటే అదీ లేదు. సినిమాకు వెళ్తే టికెట్టు కొనకుండా హాలు బయట నిలబడేవాడు. ముందు ఆట విడిచి జనం వస్తుంటే వాళ్ల ముఖాలు చూసేవాడు. ఎవరైనా ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ కనిపిస్తే సరాసరి ఇంటికొచ్చేసేవాడు. కూతురు కౌసర్ బడి నుంచి కొత్త లెక్కల పుస్తకం తెస్తే వెనక్కి తిప్పి, జవాబులన్నీ ఉన్నాయని చూసి, ఈ పుస్తకం ఫర్వాలేదని సర్టిఫికెట్టు ఇచ్చాడు. అసలు పుస్తకాల పిచ్చి పట్టకముందు, పెళ్లిచూపుల నాడే పెద్దలు వంశాల దగ్గర మాటలు మొదలుపెడితే, చివరికి పిల్లనిస్తారా ఇవ్వరా అది ముందు చెప్పండి, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం అన్నాడట. తెర వెనక ఖుర్షిదా నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైపోయింది.

ఖుర్షిదా బడికి పెద్దగా పోలేదు. షాపుల బోర్డులు కూడబలుక్కునేంత వరకే అక్షరాలు వచ్చు. కథలంటే మాత్రం ప్రాణం. సాయంత్రం బేరాలు పలచబడ్డాక ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుని పరుపు గలేబులు కుట్టేది. హయాత్ దూది బస్తాకు ఆనుకుని నవల పైకి చదివేవాడు. పక్కనే మిరపకాయ బజ్జీల బండి పెట్టే బసవమ్మ బాణలి దించేసి వచ్చి గుమ్మంలో చతికిలబడేది. ఇద్దరికీ పుస్తకాల పేర్లతో పని లేదు. వకుళ పుస్తకం, ఒంగోలు ప్లీడరు పుస్తకం, మూగపిల్ల పుస్తకం అంటే చాలు. అందులోనూ వకుళ పుస్తకం మీద బసవమ్మకు ఎంత గురి అంటే, అన్ని కష్టాలు పడి కూడా నలుగురు పిల్లల్ని కని నిండుగా బతికిన మహాతల్లి అని, తన మనవరాలికి ఆ పేరే పెట్టించింది.

కౌసర్ ఆ కథల మధ్యే పెరిగింది. చదువుకుని ఆ ఊళ్లోనే హైస్కూల్లో టీచరైంది. అత్తగారిల్లు పక్క వీధిలోనే కాబట్టి రోజూ సాయంత్రం వచ్చి పోతుంది. అలా వచ్చినప్పుడే ఒకరోజు తండ్రి చదువులో తేడా కనిపెట్టింది. జమీందారు గారింట్లో పిల్లికి ఊరంతా కదిలి వచ్చిందని చదివాడాయన. బసవమ్మ నోరు నొక్కుకుని, పాపం ఆ పిల్లికేమైందని అడిగింది. హయాత్ వినిపించుకోలేదు. పందిట్లో పిల్లికూతురు సిగ్గుతో తల వంచుకుంది అనేసరికి ఖుర్షిదా మిషన్ ఆపేసింది. కౌసర్ వెళ్లి చూస్తే అది పెళ్లి. పాత నవలల్లో అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కాగితం పసుపు రంగు తిరిగి, అక్షరమేదో మరకేదో తెలియడం లేదు. శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న కళ్లకు అంతకంటే చాతకావడం లేదు.

మరుసటి నెల కౌసర్ ఒక ట్యాబ్ కొని తెచ్చింది. వేల పుస్తకాలు ఇందులోనే ఉంటాయని, అక్షరాన్ని గారె అంత చేసుకోవచ్చని వివరంగా చెప్పింది. హయాత్ అంతా విని, దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక్కి కూడా చూశాడు. వెనక కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు.

"దీనికి చివరి పేజీ ఎక్కడమ్మా?" అన్నాడు.

అలా ఉండదని, కింద శాతం కనిపిస్తుందని, ఎంత చదివితే అంత చూపిస్తుందని చెప్పింది కౌసర్.

"ఎంత చదివానో నాకు తెలుసు. ఎటు పోతున్నానో తెలియాలి గదా."

చివరికి తెర కిందున్న గీత మీద వేలు పెట్టి కుడివైపుకు లాగితే ఆఖరి పేజీ వస్తుందని నేర్పింది. ఆయన ఆత్రంగా లాగాడు. లాగడం కాస్త ఎక్కువై పుస్తకం దాటి అవతలికి పోయాడు. ఆ రాత్రి భోజనం సహించలేదు. పొద్దున్నే కౌసర్‌కు ఫోన్ చేసి, ఈ రచయిత ఎవరో గానీ కథ మధ్యలో వదిలేసి ఐదు నక్షత్రాలు ఇవ్వమని అడుక్కుంటున్నాడని, ఇవి కూడా చదవండని వేరే పుస్తకాలు అంటగడుతున్నాడని దిగులుగా చెప్పాడు. హీరో ఏమయ్యాడో ఎక్కడా రాయలేదట.

ఆ బెంగ తీరేలోగా ఇంకొకటి పట్టుకుంది. తెర పైన బ్యాటరీ శాతం, కింద పుస్తకం శాతం. రెండింటికీ తేడా ఆయనకు ఎప్పుడూ గందరగోళమే. పైన అంకె పడిపోతున్న కొద్దీ కథే ఆవిరైపోతోందనుకుని, గుంటూరు యార్డులో మిర్చి వేలం పాడినట్టు పరుగున చదివేవాడు. ఒక నవలలో అబ్బాయి అమ్మాయికి ప్రేమ సంగతి చెప్పుకునే ఘట్టం మొత్తం ఆ వేలంపాటలోనే కొట్టుకుపోయింది. వాళ్లకు ఎప్పుడు కుదిరిందో తెలియక బసవమ్మ రెండు రోజులు అడుగుతూనే ఉంది. పైగా షాపు నిండా దూదిపింజెలు. అవి ట్యాబ్ లోపలికి పోతాయన్న భయంతో దానికి కొలత తీసి చిన్న బొంత కుట్టాడు, తల కింద దిండు కూడా. వచ్చినవాళ్లు ఎవరింట్లో పురుడని అడిగేవాళ్లు.

పోను పోను చేతికి అలవాటైంది. గీతను ఎక్కడిదాకా లాగాలో వేలికి తెలిసింది. కొత్త నవల దింపుకోగానే చివరి పేజీకి వెళ్లడం, గంభీరంగా తల పంకించడం, ఒక పూట ఆలోచనలో ఉండటం, సాయంత్రం మొదటి పేజీ అందుకోవడం. పిల్లి మళ్లీ పెళ్లి అయింది. కౌసర్ కూడా స్థిమితపడింది. అక్కడితో వదిలేసినా సరిపోయేది.

దసరా సెలవుల్లో ఒకరోజు తండ్రి గొంతు బొంగురుపోయి చదవలేక దగ్గుతుంటే ఆమెకు జాలేసింది. ట్యాబ్ అందుకుని ఒక మూల ఉన్న స్పీకరు బొమ్మ నొక్కింది. ఎవరో ఆడమనిషి గొంతు చక్కగా తెలుగులో నవల చదవడం మొదలుపెట్టింది. కథలో పిల్ల ఏడ్చిందన్నా, అన్నం వార్చిందన్నా ఆవిడకు ఒకటే రాగం. అయినా ఖుర్షిదా ముఖం వెలిగిపోయింది. ఇక ఈయన గొంతుకు విశ్రాంతి, పగలు కూడా పని చేసుకుంటూ వినొచ్చు అంది. ఎప్పుడో చెదలు తినేసిన పాత పుస్తకాలు కూడా ఇందులో ఉంటాయా అని అడిగింది. ఉంటాయని కౌసర్ చెప్పగానే, అయితే ముందు వకుళ పుస్తకమే పెట్టమంది. బసవమ్మ సరేనంటే సరేనంది.

హయాత్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొత్తవి అన్ని ఉండగా పాతవెందుకని గొణిగాడు. ఎవరూ వినలేదు.

మర్నాటి నుంచి ట్యాబ్‌కు కష్టాలు మొదలయ్యాయి. పైకి చదివిస్తే వేడెక్కి పేలుతుందని ఎవరో చెప్పారని హయాత్ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఖుర్షిదా తాళం తీయించింది. తర్వాత చార్జర్ మాయమైంది. ఇల్లంతా వెతికారు. వారం తిరగకుండా యడ్లపాడు నుంచి ఒకాయన దిండు తిరిగి పట్టుకొచ్చి, ఇందులో ఏదో గట్టిగా తల కింద గుచ్చుకుంటోందని గొడవ పెట్టుకున్నాడు. కుట్టు విప్పితే చార్జర్. ఎలా వెళ్లిందో తనకూ ఆశ్చర్యంగానే ఉందన్నాడు హయాత్. ఆ తర్వాత గొంతు వినపడటం మానేసింది. కౌసర్ పరీక్షగా చూస్తే స్పీకరు చిల్లుల్లో పొందిగ్గా దూది కుక్కి ఉంది. పిన్నీసుతో ఒక్కొక్క పోగే లాగి తీసింది. అంత సన్నగా దూది కుక్కగల చెయ్యి ఆ ఊళ్లో ఇంకొకటి లేదని ఆమెకు తెలుసు.

చివరికి సెల్‌ఫోన్లు బాగుచేసే మాలిక్ నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, బాబాయి ట్యాబ్ తెచ్చి దీని గొంతు తీసేయమంటున్నాడు. మిగతాదంతా అట్టనే ఉండాలంట. ఏం చెయ్యమంటావ్?"

కౌసర్ పరుగున వెళ్లింది. హయాత్ బెంచీ మీద ఒళ్లో ట్యాబ్ పెట్టుకుని, ఆసుపత్రిలో టోకెన్ పిలుపు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. చూడగానే ఆమెకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లూ ఇంట్లో కథ చెప్పే గొంతు తనదే. ఇప్పుడు దాని చోటు మిషన్ లాక్కుందని నొచ్చుకున్నాడనుకుంది. దారిలో నెమ్మదిగా నచ్చజెప్పింది. అమ్మకు ఎప్పటికీ నీ గొంతే ఇష్టమని, ఇది ఉత్త కాలక్షేపమని చెప్పింది.

"అది కాదమ్మా," అన్నాడు హయాత్. "ఆ మిషన్లో ఆవిడ ఉన్నదున్నట్టు చదివేస్తోంది."

ఉన్నదున్నట్టు చదివితే తప్పేముందని అడిగింది కౌసర్. షాపు దగ్గర ఎవరో కొనడానికి వచ్చినట్టున్నారని గబగబా ముందుకు నడిచాడు. అక్కడ ఎవరూ లేరు.

ఆ మాట కౌసర్‌ను పట్టుకుని వదల్లేదు. ఇంటికి వెళ్లి తన ఫోన్లో వకుళ పుస్తకం తెరిచింది. తండ్రి కూతురు కాబట్టి వేలు దానంతటదే చివరి పేజీకి వెళ్లింది. అక్కడ కాలవ గట్టున వకుళ చితి కాలుతోంది. తమ్ముడు ఒంటరిగా నిలబడి చూస్తున్నాడు. కథ అయిపోయింది.

వేరే పుస్తకం తెరిచాననుకుంది కౌసర్. తను చిన్నప్పుడు విన్న వకుళకు జబ్బు ముదిరిన మాట నిజమే. అప్పుడు తెనాలి నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చి సూది వేసి బతికించాడు. తర్వాత పెళ్లి, నలుగురు పిల్లలు, అందులో రెండోవాడు పెంకివాడు. పుస్తకమంతా గాలించినా తెనాలి అన్న మాటే లేదు. ఒంగోలు ప్లీడరు పుస్తకం తీసింది. ప్లీడరు కోర్టు మెట్ల మీదే గుండె ఆగి పోయాడు. ఆమె విన్న కథలో ఆయన మెట్ల మీద పడిపోతే, అటుగా పోతున్న తెనాలి డాక్టరు చూసి లేపి కూర్చోబెట్టాడు. మూగపిల్లను వరద మింగేసింది. నాన్న చదివినప్పుడు ఆ పిల్ల బాపట్ల దగ్గర ఒడ్డుకు చేరింది, తెనాలి డాక్టరే సెలవులకు సముద్రానికి వచ్చి ఉన్నాడు, ఆయన మందుతో మాట కూడా వచ్చింది. ఒకే డాక్టరు అన్ని నవలల్లోకీ ఎలా వస్తాడన్న అనుమానం ఆమెకు ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఆయన చాలా పేరున్న డాక్టరు, అందుకే అందరు రచయితలూ ఆయన గురించి రాస్తారనుకుంది.

ముందు పడీపడీ నవ్వింది. అంతలో గుర్తొచ్చింది. ఆ స్పీకరు బొమ్మ నొక్కడం అమ్మకు నేర్పింది తనే.

మర్నాడు మధ్యాహ్నం వీలు చూసుకుని వెళ్లేసరికే ఆలస్యమైంది. రోడ్డు మీదికే ఆ రాగం లేని గొంతు వినిపిస్తోంది. హయాత్ షాపు బయట దూది బస్తా మీద మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని కూర్చున్నాడు. ఎంతదాకా వచ్చిందని కౌసర్ అడిగింది. తొంభై ఆరు శాతం అన్నాడు. ఆ అంకె ఈసారి ఆయన తప్పు చూడలేదు.

"డాక్టరు రాలేదమ్మా," అన్నాడు. "ఇక రాడు."

లోపలికెళ్లి ఆపేస్తానంది కౌసర్. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. సగంలో ఆపితే ఖుర్షిదాకు ఇంకా బెంగ అవుతుందన్నాడు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. లోపల కుట్టుమిషన్ ఆగింది. కాసేపు పోయాక వకుళ కూడా ఆగింది. ఆ గొంతు అదే నింపాదితో, ఈ పుస్తకం మీకు నచ్చిందా అని అడిగి ఊరుకుంది. లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు. హయాత్ బస్తాలోంచి దూది పోగు లాగి వేళ్ల మధ్య నలుపుతూనే ఉన్నాడు.

ముందు బసవమ్మ బయటికొచ్చింది.

"తమ్ముడా, మా మనవరాలికి చచ్చినదాని పేరు పెట్టించావు గదయ్యా," అంది.

హయాత్ లేచి నిలబడ్డాడు. వెనకే ఖుర్షిదా వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. అరుగు మీద కూర్చుని భర్త వైపు చూసింది.

"వకుళను ఏడిపించిన ఆ మేనమామ చచ్చిపోయాడంట," అంది. "పాము కరిచి."

హయాత్ అవునన్నట్టు తల ఊపాడు.

"మీరు చదివినప్పుడు బతికే ఉన్నాడే. వకుళ పెళ్లికొచ్చి అక్షింతలు కూడా వేశాడు."

"ఎవరూ చావకుండా చూసుకుంటున్నప్పుడు," అన్నాడు హయాత్ మెల్లగా, "వాణ్ణి ఒక్కణ్ణీ చంపితే ఏం బాగుంటుందని."

"ఆ పిల్ల పొలం కాజేసి, దాన్ని అన్ని ఏడుపులు ఏడిపించి, చివరికి పెళ్లి భోజనం చేసి పోయాడని ఇన్నేళ్లూ ఒళ్లు మండిపోయింది నాకు. అల్లా ఏం చూస్తున్నాడా అనుకున్నాను. మంచోళ్లను బతికించారు, బాగుంది. వాణ్ణెందుకు బతికించారండీ?"

కౌసర్ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఖుర్షిదా ఆ తెనాలి డాక్టరు కూడా లేడా అని అడిగింది. లేడని ఒప్పుకున్నాడు హయాత్. మిగతా చావులన్నీ తట్టుకున్న ఖుర్షిదాకు అదొక్కటే నిజంగా కష్టమనిపించింది. మంచి మనిషి అని నిట్టూర్చింది. బసవమ్మ కూడా అవునంది. తన మోకాళ్ల నొప్పులకు ఎప్పటికైనా ఆయన దగ్గరకే పోదామనుకుందట.

ఇలా ఎప్పటినుంచి చేస్తున్నావని కౌసర్ తండ్రిని అడిగింది. ఆయన రోడ్డు వైపు చూస్తూ, ఆ లారీ లోడు ఎంత ఒరిగిందో చూడమన్నాడు. జవాబు ఖుర్షిదాయే చెప్పింది. కౌసర్ కంటే ముందు ఒక పిల్లవాడు పుట్టి పోయాడు. ఖుర్షిదా ఆసుపత్రి నుంచి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటే, మనసు మళ్లుతుందని ఆయన అద్దెకు ఒక నవల తెచ్చి చదివి వినిపించాడు. అందులోనూ చివర పసిబిడ్డ పోయాడు. ఆమె అన్నం ముట్టడం మానేసింది. ఆ తర్వాతి పుస్తకం నుంచే ఆయన వెనక అట్ట ముందు ఎత్తడం మొదలుపెట్టాడు.

"చివరికొచ్చేసరికి ఈయనకు దగ్గులు, నీళ్లు తాగడాలు. నాకు అప్పుడే తెలియాల్సింది," అంది ఖుర్షిదా. "కథ అంత బాగా అయిపోతుంటే ఎవరడుగుతారు?"

బసవమ్మ మాత్రం పేరు సంగతి తేల్చమని పట్టుబట్టింది. ఆ మిషన్లో వకుళ వేరు, మన వకుళ వేరు, మన వకుళకు నలుగురు పిల్లలని ఖుర్షిదా తీర్పు చెప్పింది. దాంతో ఆమె మనవరాలి ఆయుష్షుకు ఢోకా లేదని నమ్మి బండి దగ్గరకు వెళ్లి, అందరికీ వేడిగా బజ్జీలు పట్టుకొచ్చింది.

ఆ సాయంత్రం కౌసర్ ఇంటికి బయల్దేరుతుంటే హయాత్ కొత్త నవల దింపుకున్నాడు. బొంత విప్పి, ట్యాబ్ తెరిచి, గీతను చివరిదాకా లాగాడు. చదువుతూ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఖుర్షిదా మిషన్ సూదికి దారం ఎక్కిస్తూ అది గమనించింది.

"ఎవరైనా పోతారాండీ?"

"ఒకరు."

"మంచోళ్లా, చెడ్డోళ్లా?"

"మంచోళ్లే."

ఖుర్షిదా దారం కొసను పంటితో కొరికి గలేబు గుడ్డ సూది కిందకు జరిపింది.

"అయితే డాక్టరుకు కబురు పెట్టండి," అంది.

హయాత్ గొంతు సవరించుకుని మొదటి పేజీ అందుకున్నాడు.